అట్టబొమ్మలో మగచెయ్యి

దాచేపల్లి బస్టాండులో దిగి బసవయ్య గారిల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ పేరున్నవాళ్ళు ఊళ్ళో పాతికమంది ఉంటారు. దెయ్యాల బసవయ్య అని అడగాలి. అప్పుడు టీకొట్టు దగ్గర కూర్చున్న ముసలివాళ్ళు చెయ్యి చాపి సందు చూపిస్తారు. చూపించి ఊరుకోరు. "లోపలికి పొయ్యేముందు ఆయన పాదాలు చూసుకోండి, ముందుకున్నయ్యో ఎనక్కి తిరిగున్నయ్యో" అని నవ్వుతారు. ముప్పై ఏళ్ళుగా అదే హాస్యం. దాన్ని మార్చుకునే ఓపిక కూడా వాళ్ళకి లేదు.

చింతా బసవయ్యకి ఇప్పుడు అరవై ఏడు. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ముప్పై రెండేళ్ళు పనిచేశాడు. క్వారీకి పోయి సున్నపురాయి ముక్కలు సంచీలో వేసుకురావడం, పొడి కొట్టడం, పరీక్షకి పెట్టడం, కాగితం మీద అంకెలు వెయ్యడం. ఆ పని చేస్తూనే పద్దెనిమిది నవలలు రాశాడు. పదమూడు దెయ్యాలవి, ఐదు సైన్సువి. దెయ్యాలవాటితో పేరొచ్చింది. ఆయన ప్రాణం మాత్రం సైన్సువాటి మీద ఉండేది.

దానికీ ఒక కారణం ఉంది. ఫ్యాక్టరీకి వచ్చిన జియాలజిస్టు ఒకాయన ఒకరోజు రాతిముక్క ఆయన చేతిలో పెట్టి, ఇది ఒకప్పుడు సముద్రం అడుగునున్న బురద అని చెప్పాడు. ఆ పూట బసవయ్యకి అన్నం సహించలేదు. నీళ్ళకి మొహం వాచిన పల్నాడు కింద ఒక సముద్రం పడుకుని ఉందన్న మాట ఆయన్ని నిలవనివ్వలేదు. ఆ సముద్రం లేచి తిరిగొచ్చినట్టు, నడికుడి ప్లాట్‌ఫారం మీద అలలు కొట్టినట్టు, మిరపచేలో తిమింగలం ఒరిగినట్టు నవల రాశాడు. పబ్లిషరు వేశాడు గానీ, "తిమింగలాలు మనవాళ్ళకి ఎక్కవండీ, దెయ్యం ఉంటే పంపండి" అని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇంకా ఆయన పెట్టెలో ఉంది.

ఈ పబ్లిషరు పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో జరిగిన అన్యాయంలో సగం దానివల్లే జరిగింది. ఆయన విజయవాడలో ఉండి నెలకి నాలుగు పాకెట్ నవలలు వేసేవాడు. రంగుల అట్టలన్నీ ఒకేసారి కొట్టిస్తే చవకని, బొమ్మలు ముందే గీయించి, అట్టలు ముందే అచ్చు వేయించేవాడు. కథ తర్వాత. బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన అట్ట దాచేపల్లిలో దిగేది. ఆ బొమ్మలో ఏముంటే అది కథలో ఉండి తీరాలి. గబ్బిలం ఉంటే గబ్బిలం, పుర్రె ఉంటే పుర్రె. తొమ్మిది రోజుల్లో నూట ఇరవై పేజీలు. చొక్కా ముందు కుట్టి, అది సరిపడే పెళ్ళికొడుకుని తర్వాత వెతికినట్టు. బసవయ్య అలాగే రాశాడు, ఆనందంగానే రాశాడు.

బస్టాండు పక్కన అద్దె పుస్తకాల కొట్టు ఒకటుండేది. దాని యజమాని కూతురు జమీలా గల్లాపెట్టె వెనక దాక్కుని ఆయన నవలలు చదివేది. లారీ డ్రైవర్లు, టైపు నేర్చుకునే ఆడపిల్లలు, ఇరిగేషన్ గుమాస్తాలు వాటిని చింకిపోయేదాకా తిప్పేవాళ్ళు. తన పుస్తకం అంచులు నలిగి నూనె మరకలతో కనిపిస్తే బసవయ్యకి కడుపు నిండేది. ఇంట్లో సుబ్బరత్నమ్మ మాత్రం ఒకటే మాట అనేది. "ఏం రాసుకుంటావో రాసుకో గానీ మనూరోళ్ళ గురించి రాయబాకయ్యా." ఆయన ఆ మాట చెవిన వేసుకోలేదు. ఊరు పేరు, రోడ్డు పేరు, గని పేరు నిజమైతేనే చదివేవాడికి వణుకు పుడుతుందని ఆయన నమ్మకం.

ఎనభై ఎనిమిది మార్చిలో కోటేశ్వరమ్మ చనిపోయింది.

క్వారీలో రాళ్ళు కొట్టే కూలి ఆమె. వయసు ఇరవై ఏడు. ఆరేళ్ళ కూతురుంది. క్వారీలో రోజూ ఒంటిగంటకి రాతిలో మందుతూటాలు పెట్టి పేల్చేవాళ్ళు. అంతకుముందు సైరన్ మూడుసార్లు కూసేది. ఆ కూత విని ఆడవాళ్ళు గట్టెక్కేవాళ్ళు. ఆ రోజు లారీలు వరసకట్టి నిలబడ్డాయని కాంట్రాక్టరు నరసింహారావు పదకొండున్నరకే పేల్చమన్నాడు. సైరన్ మోటారు కాలిపోయి అప్పటికి రెండు రోజులు. ఒక మనిషిని పంపి కేక వేయించారు. ఆ మనిషి ఈ పక్క కేకేసి, ఎండకి ఓర్చలేక ఆ పక్కకి పోలేదు. మిగతా ఆడవాళ్ళు మంచినీళ్ళకని గట్టెక్కి ఉన్నారు. కోటేశ్వరమ్మ ఒక్కతే రాతి నీడన కూర్చుని సద్దిమూట విప్పుకుంది.

టైము మారిన సంగతి బసవయ్యకి టీ దగ్గర తెలిసింది. శాంపిల్ సంచీ భుజాన వేసుకుని ఆ పక్కగానే నడిచి ల్యాబుకి వచ్చేశాడు. ఆడవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పే ఉంటారనుకున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు.

సాయంత్రం పంచనామా రాశారు. సైరన్ మూడుసార్లు కూసిందని, గట్టెక్కిన కోటేశ్వరమ్మ తనంతట తానే మళ్ళీ గనిలోకి దిగిందని రాశారు. మిగతా కూలీలు మాచర్ల వైపు నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళని అప్పటికే ఇంకో క్వారీకి లారీ ఎక్కించేశారు. "చదువుకున్నోడివి, సాక్షి సంతకం నువ్వు పెట్టు బసవయ్యా" అన్నాడు నరసింహారావు. గట్టిగా కూడా అనలేదు. బసవయ్యది పర్మినెంటు కాని ఉద్యోగం, సుబ్బరత్నమ్మకి ఏడో నెల. ఆయన సంతకం పెట్టాడు. భయపడి పెట్టాడు. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయనకి కంటి మీద కునుకు లేదు. నిజం బయటికి చెప్పే ధైర్యం లేదు, లోపల దాచుకునే శక్తీ లేదు. కథగానైనా చెప్పేయాలనుకున్నాడు. అప్పుడే విజయవాడ నుంచి కొత్త అట్ట దిగింది. తెల్లచీర కట్టిన ఆడమనిషి, నడుం దాకా రాతిలో కూరుకుపోయి ఉంది. రాయి కనపడేసరికి బసవయ్యకి కోటేశ్వరమ్మే గుర్తొచ్చింది. దేవుడే పంపాడనుకున్నాడు. కానీ ఆ బొమ్మలో ఇంకొకటుంది. చీకట్లోంచి చాపిన ఒక మగచెయ్యి, గడియారం పెట్టుకున్న చెయ్యి, ఆ ఆడమనిషి మణికట్టు పట్టుకుని ఉంది.

"గనిలో పేరంటాలు" అని పేరు పెట్టి తొమ్మిది రోజుల్లో రాశాడు. కోటేశ్వరమ్మ పేరుని కోటమ్మ చేశాడు. మిగతాదంతా అలాగే ఉంచాడు. అదే గని, అదే నెల, అదే ఆరేళ్ళ కూతురు. ప్రతి అధ్యాయం చివర, ఎవరూ నొక్కకుండా, మోటారు కాలిపోయిన సైరన్ దానంతటదే కూసేది. చదివినవాళ్ళకి విషయం తెలుస్తుందని ఆయన ఆశ. ఎవరికీ తెలియలేదు. సైరన్ భలే పెట్టావయ్యా, ఒళ్ళు జలదరించిందన్నారు.

ఇక ఆ మగచెయ్యి. అట్టలు రెండు వేలు అచ్చయిపోయి ఉన్నాయి. చేతికి ఒక మనిషిని పెట్టక తప్పలేదు. లారీ డ్రైవరునొకణ్ణి పెట్టాడు. వాడు గనిలో రాతి చాటున ఎదురుచూస్తుంటాడు, వాడి కోసం కోటమ్మ సైరన్ కూసినా లెక్కచెయ్యకుండా దిగుతుంది, చనిపోతుంది, పేరంటాలై తిరుగుతుంది. ఆ డ్రైవరు భాగం మొత్తం పేజీన్నర. అది రాయడానికి బసవయ్యకి అరపూట పట్టింది. నిజం చెప్పడానికి మొదలుపెట్టిన పుస్తకం చివరికి ఆ పంచనామాకే వంత పాడింది. ఆ సంగతి ఆయనకి అప్పుడు తట్టనే లేదు.

కోటేశ్వరమ్మ మొగుడికి చదువు రాదు. చదివినవాళ్ళు డ్రైవరు సంగతి చెప్పారు. అతను నెల తిరక్కుండా పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలేసి కృష్ణ దాటి వాడపల్లి వైపు వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఊరు మాత్రం ఆ పుస్తకాన్ని ఇంకో రకంగా తీసుకుంది. ముత్తైదువుగా పోయిన ఆడమనిషిని పేరంటాలుగా నిలిపి పసుపు కుంకుమ పెట్టుకోవడం పల్నాటి ఇళ్ళల్లో ఉన్నదే. క్వారీ రోడ్డులో లారీలు రెండు తిరగబడితే ఆమె చేసిందేనన్నారు. నవల ఆఖరి అధ్యాయంలో ఊరివాళ్ళు కోటమ్మకి రాయి నిలిపి మొక్కుతారు. అలాగే ఈ ఊరివాళ్ళూ గని అంచున రాయి నిలిపి, పసుపు రాసి, గాజులు తొడిగారు. డ్రైవర్లు లారీ ఆపి కొబ్బరికాయ కొట్టడం మొదలైంది. తను రాసిన ఆఖరి అధ్యాయం కళ్ళ ముందు నడుస్తుంటే బసవయ్య శాంపిళ్ళకి ఇంకొకణ్ణి పంపుతూ ఆ రోడ్డున పోవడం మానేశాడు.

తర్వాత టీవీ వచ్చింది. తొంభై తొమ్మిదిలో విజయవాడ నుంచి అట్టలు రావడం ఆగిపోయింది. అద్దె కొట్టు మూసేశారు. జమీలా పెద్దదై అదే గదిలో జిరాక్సు, డీటీపీ పెట్టుకుంది. బసవయ్య ముందు ఉద్యోగం చేసుకుంటూ, రిటైరయ్యాక వరండాలో పేపరు చదువుకుంటూ పాతికేళ్ళు గడిపేశాడు. ఒక్క పేజీ రాయలేదు.

మొన్న మాఘమాసంలో నరసింహారావు కొడుకు శ్రీహరి గుడి కమిటీ వాళ్ళని వెంటేసుకుని ఆ వరండాలోకి వచ్చాడు. తండ్రి పోయి పదేళ్ళయింది. శ్రీహరి మండలంలో పలుకుబడి ఉన్నవాడు, చెడ్డవాడేం కాదు, పేరంటాలమ్మ అంటే నిజంగానే భక్తి.

"బాబాయ్, అమ్మవారికి గుడి కడతన్నాం, మా నాన్న పేరు మీద. విగ్రహం నీ పుస్తకం అట్ట మీద బొమ్మ చూపిచ్చి చెక్కిస్తన్నా. ఎదురుగా నాపరాయి పలక నిలబెట్టి అమ్మవారి చరిత్ర రాయిస్తాం. నువ్వు రాసిందే, ముప్పై లైన్లకి కుదిచ్చి ఇయ్యి. కింద నీ పేరుంటది."

బసవయ్యకి వెంటనే కలిగింది సంతోషమే. దాచిపెట్టడం దేనికి. పాతికేళ్ళ తర్వాత ఒకరు వచ్చి రాయమని అడిగారు, అదీ కాగితం మీద కాదు, చెరిగిపోని రాయి మీద. వాళ్ళు వెళ్ళాక పెన్నులో ఇంకు ఉందో లేదో చూసుకున్నాడు. సుబ్బరత్నమ్మ గడపలో నిలబడి ఆయన్నే చూస్తూ ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఒక ఆడమనిషి వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. నలభై మూడేళ్ళుంటాయి, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉంది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి తొడిమలు తీసే పని. సుబ్బరత్నమ్మ మంచినీళ్ళు తెస్తే, "చేతులకి ఘాటుందమ్మా, గ్లాసు ముట్టుకోను" అంది. సుబ్బరత్నమ్మ బలవంతం చేసి చేతికిచ్చింది.

"నేను అంకమ్మని పెద్దాయనా. కోటేశ్వరమ్మ కూతుర్ని."

బసవయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. ముప్పై ఏడేళ్ళుగా ఒకే మండలంలో ఉంటూ ఆమె ఎదురుపడకుండా ఎట్లా తప్పించుకున్నాడో ఆయనకే తెలియాలి.

"రాయి మీద మా అమ్మ కథ రాయిస్తన్నారంట గదా. నాకు చదువు రాదు. రాదు గాబట్టే ఇన్నాళ్ళు బతికా. నా కూతురు లిఖిత నరసరావుపేటలో డిగ్రీ చదువుతంది. అది చదివిద్ది. దాని పిల్లలు చదువుతారు. అందుకని ఒక్క మాట అడగడానికొచ్చా." ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఆ లారీ డ్రైవరు ఎవురు పెద్దాయనా? పేరు చెప్పు. ఉన్నాడా, పోయాడా? ఉంటే ఒక్కసారి వాడి మొహం చూడాల. మా అమ్మ నన్నిడిచిపెట్టి వాడి కోసం ఎందుకు దిగిందో అడగాల."

దెయ్యాల నవలలు పదమూడు రాసిన మనిషికి ఆ క్షణంలో ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఈమె వాణ్ణి నమ్మింది. చిన్నప్పటి నుంచి ఆ పేజీన్నర మనిషిని వెతుకుతూ, వాణ్ణి తిట్టుకుంటూ పెరిగింది.

"అట్టాంటివాడు ఎవరూ లేడమ్మా" అన్నాడు. "వాణ్ణి నేనే పుట్టించా. పుస్తకం అట్ట మీద ఒక మగచెయ్యి ఉంది. దానికోసం రాశా."

అంకమ్మకి అర్థం కాలేదు. అట్ట మీద చెయ్యి ఉంటే తన తల్లి మీద మగవాణ్ణి ఎందుకు రాయాలో ఎవరికైనా ఎట్లా అర్థమవుతుంది? ఆమె కాసేపు ఆలోచించి, "మరి ఎవురూ లేకపోతే మా అమ్మ కూత విని గూడా ఎందుకు దిగింది?" అంది.

చెప్పాల్సిన చోటు అదే. ఆమె తన నోటితోనే అడిగింది. "నాకు తెలీదమ్మా" అన్నాడు బసవయ్య. "రాయి మీద మాత్రం ఆ డ్రైవరు ఉండడు, నాది పూచీ" అని కూడా అన్నాడు. అంకమ్మ దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ దణ్ణం ఆయన్ని కాల్చేసింది.

ఆమె సందు మలుపు తిరిగాక సుబ్బరత్నమ్మ గ్లాసు తీస్తూ, "సగమే చెప్పావు" అంది.

"ఏమే, నీకేం తెలుసని?"

"నా కడుపులో బిడ్డని సాకు పెట్టుకుని సంతకం చేసొచ్చినోడివి. ఆ పూట నువ్వు అన్నం ముందు కూర్చుని ఏడ్చింది నాకు తెలవదా? నువ్వే చెప్తావని చూస్తన్నా. ముసలోళ్ళమైపోయాం."

ఆ సాయంత్రం ఆయన తెల్లకాగితం తీశాడు. ఎదురుగా ఏ అట్టా లేకుండా రాయడం ఆయనకి అదే మొదలు. ముప్పై లైన్లు అడిగారు గానీ ఏడు వచ్చాయి. మర్నాడు జమీలా కొట్టుకి తీసుకెళ్ళాడు. జమీలా కళ్ళజోడు సర్దుకుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది.

"కోటేశ్వరమ్మ. వయసు ఇరవై ఏడు. రాళ్ళు కొట్టి బిడ్డని సాకింది. 1988 మార్చిలో ఈ గనిలో నీడన కూర్చుని సద్ది తింటుండగా, సైరన్ కూయకుండా పేల్చిన తూటాలకి చనిపోయింది. ఆమె ఎవరి కోసమూ గనిలోకి దిగలేదు. సైరన్ కూసిందని దొంగసాక్షి సంతకం చేసినవాడూ, ఆమె మీద లేనిది రాసినవాడూ నేనే. చింతా బసవయ్య."

చివరి లైను దగ్గర జమీలా చేతులు ఆగిపోయాయి. "సార్, ఎనిమిదేళ్ళప్పుడు ఆ పుస్తకం చదివి క్వారీ రోడ్డున పోవడమే మానేశాను. స్కూలుకి చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఆ అంకమ్మ నా క్లాసే. మూడో తరగతిలో మానేసింది. ఎందుకు మానేసిందో మాకు తెలుసు, మేమే ఏడిపించాం." ఆమె లైను పూర్తిచేసి ప్రింటు తీసిచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు, మొహం తిప్పుకుంది. గౌరవంతో కాదని బసవయ్యకి తెలుస్తూనే ఉంది.

శ్రీహరి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "ఇందులో మా నాన్న పేరు లేదు" అన్నాడు.

"లేదు."

"లేకపోయినా అందరికీ తెలిసిద్దిగా బాబాయ్, తూటాలు పేల్చింది ఎవురో. పోయినోళ్ళ మీద ఇప్పుడేంది ఇది? ఆయన పేరు మీద గుడి కడతంటే ఆయన్నే దోషిని చేస్తా అంటావా?"

"నన్ను నేను చేసుకుంటన్నా. ఆయన సంగతి నేను రాయలా."

"అంకమ్మ పది మందిలో తలెత్తుకునేదే అమ్మవారి కూతురని. నువ్వు ఇది చెక్కిస్తే అమ్మవారూ ఉండదు, ఏమీ ఉండదు. ఒక కూలామె చచ్చిపోయిందంతే." శ్రీహరి కాగితం మడిచి తిరిగిచ్చాడు. "నీకు రాయడం ఇష్టం లేకపోతే వద్దులే. పుస్తకం ఊళ్ళో ఉంది. పంతులు గారి చేత కుదిచ్చి రాయిచ్చుకుంటాం. పౌర్ణమి నాడు శంకుస్థాపన. నువ్వు మాత్రం రావాల, శాలువా కప్పుతాం."

బసవయ్య వెళ్ళాడు. ఇంటి నుంచి గని దాకా నడిచే వెళ్ళాడు, ముప్పై ఏళ్ళు దాటాక ఆ రోడ్డున అడుగు పెట్టాడు. పొద్దున్న తొమ్మిదింటికే పొంగళ్ళు దిగుతున్నాయి. ఆడవాళ్ళు పసుపు బట్టలతో వచ్చారు. షామియానా కింద అట్టబొమ్మని పెద్దది చేసి ఫ్లెక్సీ కట్టారు. మగచెయ్యి దగ్గర మాత్రం పూలదండ వేశారు. ఆ దండ ఎవరు వేశారో, ఎందుకు వేశారో గానీ అది చూసి ఆయనకి నవ్వొచ్చేంత బాధ కలిగింది.

శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు. జేబులోంచి కాగితం తీసి చదివాడు. మూడో వాక్యం దాకా మైకు పనిచేసింది. సైరన్ అనగానే శ్రీహరి సైగ చేశాడు, మైకు ఆగిపోయింది. బసవయ్య ఆగలేదు. పెద్ద గొంతు కాదు ఆయనది, ముందు మూడు వరసల వాళ్ళకే వినపడి ఉంటుంది. "దొంగసాక్షి సంతకం చేసినవాడూ" అన్న మాట మాత్రం గట్టిగానే అన్నాడు. ఒక ముసలామె చేతులు జోడించి, "అమ్మవారే ఆయన చేత రాయిచ్చింది, ఇప్పుడు అమ్మవారే ఇట్టా అనిపిస్తంది" అంది. ఇంకెవరో ఆయనకి మతి పోయిందన్నారు. సుబ్బరత్నమ్మ లేచొచ్చి ఆయన భుజాన ఉన్న శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టేసింది.

ఆ పలక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. శ్రీహరి పాత కథా చెక్కించలేకపోయాడు, కొత్త మాటలూ చెక్కించలేదు. ముందు వరసలో విన్నవాళ్ళు ఊరంతా చెప్పారు. కూలి ఆడవాళ్ళు పొంగళ్ళు పెట్టడం మానలేదు గానీ, చరిత్ర చెక్కితే సైరన్ సంగతి చెక్కాల్సిందేనని పట్టుబట్టారు. పలక ఎదురుగా నున్నగా ఖాళీగా నిలబడి ఉంది. విగ్రహం పని ఆగింది. శ్రీహరి బసవయ్య కనిపిస్తే పక్కకి చూస్తాడు.

ఆ రోజు జనం పల్చబడ్డాక బసవయ్య గని అంచున ఒక బండరాయి మీద కూర్చున్నాడు. కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి. ముందు వరసలో కూర్చుని అంతా విన్న అంకమ్మ వచ్చి ఆయనకి కాస్త దూరంలో కూర్చుంది.

"కూత కూయలా" అంది ఆమె.

"కూయలేదమ్మా."

"అయితే మా అమ్మ దిగలా. కూర్చునుంది అంతే."

"కూర్చుని అన్నం తింటన్నది."

అంకమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "మా ఇంట్లో ఒక్క ఫోటో లేదు పెద్దాయనా. నాకు ఆమె చీర గుర్తుంది గానీ మొహం గుర్తులేదు. ఎట్టా ఉండేది?"

బసవయ్య కళ్ళు మూసుకున్నాడు. కోటమ్మ కళ్ళ గురించి రెండు పేజీలు రాసిన మనిషి. కానీ కళ్ళు మూసుకుంటే అట్టబొమ్మే వచ్చింది, విజయవాడలో ఎవరో ఎవర్ని చూసి గీశారో తెలియని మొహం. ఎంత తవ్వుకున్నా దాని వెనక ఇంకో మొహం దొరకలేదు. ఇప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పొచ్చు. చామనఛాయ, కోలమొహం, గడ్డం మీద పచ్చబొట్టు. పాతికేళ్ళ తర్వాత కూడా అవి ఆయన నాలిక చివర సిద్ధంగానే ఉన్నాయి.

"గుర్తులేదమ్మా" అన్నాడు. "ఒక్కటే గుర్తుంది. అది ఎక్కడా రాయలేదు, మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ పూట నేను ఇటే పోతన్నా. మీ అమ్మ సద్దిమూట విప్పతా నన్ను చూసి పిలిచింది. 'అన్నా, ఎండన పడి పోతన్నావు, ఇట్టా నీడకి రా. రెండు ముద్దలు తిని పో' అంది. పనుందమ్మా అన్నా. తూటాలు ముందే పేలుస్తారని నాకు తెలుసు. ఆ ఒక్క ముక్క అనకుండా పోయా."

అంకమ్మ తల తిప్పి ఆయన్ని చూసింది. "అన్నా అనిందా?"

"అన్నా అనే అంది."

ఆమె ఆ పిలుపుని లోలోపల రెండుమూడుసార్లు అనుకున్నట్టుంది, పెదాలు కదిలాయి. తల్లి నోటి నుంచి వచ్చిన మాట ఆమెకి దొరకడం అదే మొదటిసారి.

"అయితే నువ్వు నాకు మేనమామవి" అంది అంకమ్మ. "అన్నం తిని పొమ్మని పిలిస్తే, మామవయ్యుండి, సాయంత్రం ఆ కాగితం మీద సంతకం ఎట్టా పెట్టావు మామా?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అంకమ్మ లేవలేదు, జవాబు వచ్చేదాకా కూర్చునేదానిలాగా కొంగు సర్దుకుని ఆయన పక్కకి జరిగింది.